ఇల్లు ఎందుకు అమ్ముతున్నారు

కూతురు ఆ నోటుపుస్తకం ఇచ్చినప్పుడు కత్తెరమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. నీలం అట్ట, నూరు పేజీలు. మొదటి పేజీలో కూతురు గుండ్రటి అక్షరాలతో ఒకదాని కింద ఒకటి రాసిపెట్టింది: నీళ్ళు, వీధి, ఇరుగుపొరుగు, బడి, ఇల్లు ఎందుకు అమ్ముతున్నారు. ఒక్కోదాని కింద నాలుగేసి గీతలు ఖాళీగా వదిలింది.

"ఈ పని నీవల్లే అవుతుందమ్మా," అంది కూతురు. "మేమిద్దరం ఆదివారం తప్ప కదల్లేం. ఆదివారం చూస్తే ప్రతి వీధీ బుద్ధిమంతురాలే. మామూలు రోజున వెళ్ళి నాలుగు గంటలు తిరిగితే అసలు సంగతి తెలుస్తుంది. పైగా నిన్ను చూసి ఇల్లు కొనడానికొచ్చిందని ఎవరూ అనుకోరు."

"అంత వెలిసిపోయి ఉన్నానా?"

"అది కాదత్తయ్యా," అన్నాడు అల్లుడు బూట్లు తుడుచుకుంటూ. "మీ పక్కన కూర్చుంటే బస్సు కండక్టరు కూడా టిక్కెట్లు కొట్టడం మానేసి తన కష్టాలు చెప్పుకుంటాడు. చూశాగా!"

అది నిజమే. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో ఆమె నలభై ఏళ్ళు కొలతలు తీసింది. కొలతలిచ్చే మనిషి చేతులు ఎత్తి, కదలకుండా నిలబడాలి. అప్పుడు నోరొక్కటే ఖాళీగా ఉంటుంది. అలా ఎందరో తల్లులు, ఎందరో పంతులమ్మలు ఆమె చెవిలో ఏమేమో వేసి వెళ్ళారు. ఒక్క మాటా దుకాణం గడప దాటలేదు. మనసులో పెట్టుకుంది, అంతే. రాసుకోవడం రాదు కాబట్టి ఎక్కడా మిగల్లేదు కూడా.

అక్షరాలు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట. కొలతల పుస్తకం రాసేది భర్త. ఆయన పోయిన వారానికి ఎవరో తల్లి వచ్చి "మా పిల్ల గౌను కొలతలు మీ దగ్గర ఉన్నాయిగా" అంటే, పుస్తకం తెరిచి, అందులో ఏ పేజీ ఏ పిల్లదో తెలియక, తన ఇంట్లో తనే దొంగలా నిలబడింది. ఆ మర్నాడే వయోజనుల తరగతిలో చేరింది. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు దుకాణం మూసేసి కూతురి దగ్గర ఉంటున్నా, మందుల సీసా మీద రాతనుంచి ఎదురింటి బోర్డు దాకా ఏదీ వదలదు. చేతిలో పెన్ను ఉంటే చాలు, ఏదో ఒకటి రాయాలని చెయ్యి గుంజుతుంది.

అందుకే ఆ ఖాళీ గీతలు చూసి ఆమెకు కొత్త గుడ్డ తాను విప్పినంత ఉత్సాహం వచ్చింది.

*

చూడాల్సిన ఇల్లు ఊరి శివారులో ఉంది. అక్కడ రెండు బడులు. కొండమీది బడికి కూతురి ఫోనులో అయిదు చుక్కలు. వంతెన దగ్గరి బడికి మూడే. ఏ వీధి పిల్లలు ఆ వీధి బడికే పోవాలి. కొండమీది బడి చుట్టుపక్కల ఇళ్ళు కొనడమంటే వీళ్ళ తాహతుకు మించిన మాట. ఈ ఇల్లేమో వంతెన బడి కిందికి వస్తుంది. కూతురు అక్కడే పెదవి విరిచింది. "ఇల్లు బాగుంటే ఏం లాభం, మూడు చుక్కల బడికి పంపుతామా పిల్లని?"

"చుక్కలు ఎవరు పెట్టారే?" అంది కత్తెరమ్మ.

"జనం."

"ఆ జనం పిల్లల చొక్కాలు చూశారా?"

ఆమె రెండు రోజులు బస్సెక్కి వెళ్ళి, బడి వదిలే వేళకు ఒక్కో బడి ఎదుట నిలబడింది. కొండమీది బడి పిల్లల బట్టలు చూడముచ్చటగా ఉన్నాయి. మడత నలగలేదు, ఒక్క బొత్తాం ఊడలేదు. కానీ దగ్గరికి వస్తే కాలర్ల కొసలు పీచుపీచుగా కనిపించాయి. నమిలిన కాలర్లవి. భయపడే పిల్లలు కాలరు నములుతారని నలభై ఏళ్ళ అనుభవం మీద ఆమెకు తెలుసు. పిల్లలు గేటు దాటి, కార్లలో కూర్చుని తలుపు వేసుకున్నాకే నోరు విప్పుతున్నారు.

వంతెన బడి పిల్లలు అరుపులతో బయటికొచ్చారు. గౌన్ల అంచులు ఒకసారి విప్పి, మళ్ళీ విప్పి పొడుగు చేసినవి. పాత మడత గీతలు రెండేసి కనబడుతున్నాయి. మోకాళ్ళకు మాసికలు. బొత్తాలు ఒకదానికొకటి పోలి లేవుగానీ, ఏ చొక్కాకూ ఒక్కటి తక్కువ లేదు. జేబులు చిరిగి ఉన్నాయి. చిరగవా మరి, వాటినిండా రాళ్ళూ తాళ్ళూ కుక్కుకుంటే!

గేటు బయట ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో ఈల. పిల్లలు కనబడగానే ఈల ఊది, "లైన్! చేతి దూరం!" అన్నాడు. అంత గోలా ఆగిపోయింది. పిల్లలు ముందున్న వాళ్ళ భుజం మీద చెయ్యి పెట్టి, దూరం కొలుచుకుని నిలబడ్డారు.

"మాస్టారూ, నేను సరిగ్గా ఉన్నానా?" అంది రెండు జడల పిల్ల.

"ముందు బూటు లేసు కట్టుకో. లేసు కట్టనివాళ్ళు సైన్యంలో పనికిరారు."

"నేను సైన్యంలోకి వెళ్ళను మాస్టారూ, బేకరీ పెడతాను."

"బేకరీలోనూ పనికిరావు!"

పిల్లలు పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. అంతలో గేటు దగ్గరి ఆయా వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇక వదిలెయ్యండి మాస్టారూ, బస్సులొచ్చాయి," అంది మెల్లిగా. ఆయన "డిస్మిస్!" అన్నాడు. వరస చెదిరింది.

"ఇంకా డ్యూటీలోనే ఉన్నారా ఆయన?" అనడిగింది కత్తెరమ్మ.

"ఎక్కడి డ్యూటీ అమ్మా, డ్రిల్లు మాస్టారు రిటైరై పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు అన్నీ మరిచిపోయారు, ఈ టైము తప్ప. ఒకరోజు రాకపోతే పిల్లలే అడుగుతారు, మాస్టారికి జ్వరమా అని."

ఆ సాయంత్రం బడి కింది నాలుగు గీతల్లో కత్తెరమ్మ ఇలా రాసింది: "మంచి బడి. తల్లిదండ్రులు డబ్బున్నవాళ్ళు కాదు, శ్రద్ధ ఉన్నవాళ్ళు. పిల్లలు కాలర్లు నమలరు. మతి తప్పిన ముసలాయన్ని వెక్కిరించరు."

కూతురు అది చదివి చాలాసేపు పుస్తకం మూయలేదు. "ఆ చుక్కల సంగతి ఇక ఎత్తనులే," అంది. అల్లుడు "అత్తయ్యని ఆ ఇళ్ళ ఏజెంటు దగ్గర ఉద్యోగంలో పెట్టాలి" అన్నాడు. కత్తెరమ్మకు ఆ రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

*

అమ్మకానికి బోర్డు పెట్టిన ఇంటి గంట కొట్టి, "కుట్టుపనులేమైనా ఉంటే చేస్తానమ్మా. అంచులు, కాలర్లు, యూనిఫారాలు," అంది ఆమె. అది ఆమె సొంత ఎత్తు. అబద్ధమూ కాదు, సంచీలో కత్తెర, సూదులు ఉండనే ఉన్నాయి. నిజమూ కాదు.

తలుపు తీసినావిడకు డెబ్భై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. వెనక హాల్లో, మెడలో ఈలతో, కూర్చుని పేపరు తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు డ్రిల్లు మాస్టారు.

"దేవుడు పంపినట్టు వచ్చారు," అంది ఆవిడ. "రండి లోపలికి."

ఆవిడ అదే బడిలో ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన టీచరు. పని ఏమిటంటే, మాస్టారి చొక్కాలు ఆరింటికీ కాలరు లోపలివైపు ఫోను నంబరు కుట్టాలి. "జేబులో చీటీ పెడితే పారేస్తున్నారు. కార్డు మెళ్ళో వేస్తే నేనేమన్నా కుక్కనా అన్నారు. కాలరు వెనక అయితే ఆయనకు కనపడదు. కుట్టగలరా?"

"ఎందుకు కుట్టలేనమ్మా," అంది కత్తెరమ్మ. నేర్చుకున్న అంకెలు ఇలా దారంతో రాయాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మూడు రోజులు వెళ్ళింది. వెనక వరండాలో నిమ్మచెట్టు ఎదురుగా కూర్చుని కుట్టింది. కుడుతూనే కళ్ళతో ఇల్లంతా కొలిచింది. వెనక గోడ జానెడెత్తు చెమ్మ పట్టింది. వంటింటి కుళాయి తిప్పాలంటే భుజబలం కావాలి. వాన పడ్డ రోజు వీధిలో నీళ్ళు నిలవలేదు. పక్కింటాయన్ని అడిగితే, "ఈ వీధిలో నీళ్ళే కాదమ్మా, మా అబ్బాయి చేతిలో డబ్బులూ నిలవవు" అని నవ్వాడు. అన్నీ రాసింది. నాలుగు విభాగాలు నిండాయి. చివరిదొక్కటే మిగిలింది.

"అది కనుక్కోవడమే ముఖ్యమమ్మా," అని కూతురు రోజూ గుర్తు చేసేది. "పునాదిలో లోపముందో, పక్కవాళ్ళతో తగవుందో. నోరు తెరిచి అడిగెయ్."

మూడో రోజు అయిదో చొక్కా కుడుతూ, దారం కొరికి, కత్తెరమ్మ మామూలు మాటలా అడిగింది. "ఇంత మంచి ఇల్లు ఎందుకమ్మా అమ్ముకోవడం?"

టీచరు టీ గ్లాసు పక్కన పెట్టింది. లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పోయిన నెల పొద్దున పోయిన మనిషి చీకటి పడ్డాక దొరికారు. రైలు పట్టాల పక్కన. నేనొక్కదాన్నే కాపలా కాయలేకపోతున్నాను. పెద్దాసుపత్రి పక్కన ఇలాంటి వాళ్ళు ఉండే చోటొకటి ఉంది. మామూలుగా వాళ్ళు రోగినొక్కణ్ణే తీసుకుంటారు, పెద్ద హాలులో మంచం ఇస్తారు. ఇద్దరూ కలిసుండే గదులు రెండే. ఒకటి ఖాళీ అయింది. నెలాఖరులోపు మొత్తం కట్టాలి. యాభై ఏళ్ళలో ఆయన ఒక్కరే పడుకున్న రోజు లేదు. నేను కనపడకపోతే అన్నం ముట్టరు." గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇది మీ కడుపులోనే పెట్టుకోండి. బయట తెలిస్తే, మా అవసరం చూసి ధర తెగ్గోస్తారు."

"నా నోటినుంచి రాదమ్మా," అంది కత్తెరమ్మ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద పుస్తకం తెరిచింది. ఇల్లు ఎందుకు అమ్ముతున్నారు. కింద నాలుగు గీతలు. ఎవరికో చెబుతున్నానా, సొంత కూతురికేగా, అనుకుంది. పునాది లోపం కాదని తెలిస్తే దాని మనసూ కుదుటపడుతుంది, అనుకుంది. మొదటి గీతలో మాస్టారి సంగతి రాసింది. రెండో గీతలో గది సంగతి. మూడో గీతలో నెలాఖరు సంగతి. నాలుగోది మిగిలిపోయింది. పేజీ అంతా నిండి అదొక్కటే బోసిగా, బొత్తాం ఊడిన చొక్కాలా కనిపించింది. పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగలేదు. "అందుకని ఏ ధరకైనా అమ్మేస్తారు" అని రాసేసింది.

టీచరు ఆ మాట అనలేదు.

*

"ఖాయమైపోయిందమ్మా!" వారం తర్వాత కూతురు సంచీ సోఫాలో విసిరి తల్లిని కావలించుకుంది. "అడిగినదాంట్లో ఏకంగా పదో వంతు తగ్గించి చెప్పాం. ఇంతకు మించి దమ్మిడీ పెంచం, ఇష్టముంటే రెండు రోజుల్లో చెప్పమన్నాం. ఏజెంటయితే మొహం మాడ్చుకున్నాడు. మర్నాటికల్లా సరేనన్నారు! శుక్రవారం సంతకాలు."

"అంత తగ్గించి ఎందుకడిగారే?" అంది కత్తెరమ్మ.

"నువ్వేగా రాశావు, ఏ ధరకైనా అమ్మేస్తారని? ఆ ముక్క చూశాకే నాకు ధైర్యమొచ్చింది. లేకపోతే అడిగినంతా ఇచ్చేవాళ్ళం."

తల కొట్టేసినట్టయింది. ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"అది... ఆవిడ ఆ మాట అనలేదమ్మా. నేనే రాశాను."

"అంటే ఏం, అనకపోతే ఏం? నిజమే అయిందిగా."

"వాళ్ళ అవసరం చూసి..."

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు సర్దిచెబుతున్నట్టు, "మనం ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఇళ్ళ బేరమంటే ఇంతే. రేపు మనం అమ్ముకోవాల్సి వస్తే మనకూ ఇంతే."

కూతురు తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "అమ్మా, ఈ ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. పదిహేనో తారీకు లోపల ఆ వీధిలో ఇల్లున్నట్టు కాగితం చూపించకపోతే పిల్లకి ఆ బడిలో సీటుండదు. ఇంకో ఇల్లు చూసుకోవడానికి టైమేదీ? ఆ బడి మంచిదని చెప్పింది నువ్వే. నీ మనవరాలికంటే వాళ్ళెక్కువా నీకు?"

కత్తెరమ్మ కూతురి తల నిమిరి, లేచి వంటింట్లోకి వెళ్ళింది.

ఆదివారం అందరూ ఇల్లు చూడటానికి వెళ్ళారు. మోకాలి నొప్పి అని ఆమె వెళ్ళలేదు. నొప్పి లేకపోలేదు. కానీ దాన్ని ముందు పెట్టుకుని దాక్కున్నానని ఆమెకు తెలుసు. టీచరు తలుపు తీసి, కొనేవాళ్ళ వెనక కుట్టుపని మనిషిని చూస్తే ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి?

కానీ ఆరో చొక్కా ఆమె దగ్గరే ఉండిపోయింది. కాలరు అరిగిందని తిరగేసి కుట్టడానికి తెచ్చుకుంది. అది సంచీలో ఉంటే ఎవరి వస్తువో ఎత్తుకొచ్చినట్టుంది. మంగళవారం చొక్కా తీసుకుంది. గడప దాటి, మళ్ళీ లోపలికొచ్చి, నీలం నోటుపుస్తకం కూడా సంచీలో వేసుకుంది.

*

హాల్లో అట్టపెట్టెలు. మాస్టారు గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. టీచరు చొక్కా తీసుకుని, కాలరు లోపల అంకెలు వేలితో తడిమి, "ఎంత చక్కగా కుట్టారు," అంది. ఆ మెప్పు కత్తెరమ్మకు సూదిలా గుచ్చుకుంది.

"అమ్మేశాం అమ్మా. పడగొట్టేశారు ధర. మా మెడమీద కత్తి ఉందని ఎవరో చెప్పినట్టే మాట్లాడారట. ఇద్దరి గదికి ఇక చాలదు. ఆయన్ని హాల్లో మంచం మీద పెట్టి, నేను మా చెల్లెలింట్లో ఉంటాను. వారానికోసారి చూడనిస్తారట." ఒక పెట్టె తీసి ఇంకో పెట్టె మీద పెట్టింది. "ఏం చేస్తాం."

కత్తెరమ్మ నిలబడే ఉంది. "చెప్పింది నేనే," అంది.

టీచరుకు వెంటనే అర్థం కాలేదు. కత్తెరమ్మ సంచీలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి చేతికిచ్చింది. "కొంటున్నది మా అమ్మాయి. నేను పని కోసం రాలేదు. చూసిరమ్మని పంపితే వచ్చాను."

టీచరు కళ్ళద్దాలు పెట్టుకుంది. మొదటి గీతనుంచి చదివింది. నీళ్ళు, వీధి, ఇరుగుపొరుగు. బడి దగ్గర, మతి తప్పిన ముసలాయన అన్నచోట, ఆగింది. తర్వాత చివరి గీత దాకా చదివింది. నేల చీలి తనను మింగేస్తే బాగుండునని కత్తెరమ్మకు అనిపించింది.

"ఏ ధరకైనా అని నేనన్నానా?"

"అనలేదమ్మా."

"మరెందుకు రాశారు?"

"గీత ఒకటి ఖాళీగా ఉండిపోయింది."

టీచరు కళ్ళద్దాలు తీసింది. కోపంగా అరిచినా బాగుండేది. అలసిపోయిన గొంతుతో అంది: "ముప్పయ్యేళ్ళు ఇదే చెప్పాను పిల్లలకి. తెలియని లెక్క ఖాళీగా వదిలెయ్యండి, తోచింది రాయొద్దు అని. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. అరవయ్యేళ్ళు దాటినవాళ్ళకి కూడా చెప్పాల్సి వస్తుందనుకోలేదు."

కత్తెరమ్మ తల ఎత్తలేదు. వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నది ఒక్కటే, తప్పు ఒప్పుకుని వచ్చేయాలని. కానీ ఆ హాల్లో మంచం, వారానికోసారి చూడటం అన్న మాటలు విన్నాక ఒప్పుకోవడం ఎవరికి కావాలి అనిపించింది.

"సంతకాలు శుక్రవారంగదా," అంది. "మీరు ఒప్పుకోకండి. మొదట అడిగిన ధరకైతేనే ఇస్తామనండి. వాళ్ళు వదులుకోలేరు. ఉంటున్న ఇల్లు ఖాళీ చెయ్యాలి. పదిహేనో తారీకులోపు ఈ వీధి ఇంటి కాగితం లేకపోతే పిల్లకు బడిలో సీటు రాదు. ఇంకో ఇల్లు వెతికే వ్యవధి లేదు. గట్టిగా నిలబడితే ఇస్తారు."

చెబుతుంటేనే కూతురి ముఖం కళ్ళముందు కనబడింది. మోకాళ్ళ దగ్గర కూర్చుని, నమ్మకంగా చెప్పిన మాటలవి. ఒక కడుపులోది తీసి అక్కడ పోసింది. ఇప్పుడు ఇంకో కడుపులోది తీసి ఇక్కడ పోస్తోంది.

"ఇది చెప్పమని మీ అమ్మాయి పంపిందా?"

"లేదమ్మా."

"ఇవ్వగలరా అంత?"

"ఇవ్వగలరు. కష్టపడతారు."

"ఇదీ రాసుకున్నారా ఎక్కడైనా?"

"రాయలేదమ్మా."

టీచరు పుస్తకం మూసి చేతికిచ్చింది. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. లోపలికెళ్ళి పర్సు తెచ్చింది. "ఆరు చొక్కాల కూలి."

"వద్దమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తీసుకోండి. పనికోసం రాలేదన్నారు, కానీ పని చేశారు. ఆ పనికి నేను మీకు రుణపడను."

తీసుకుంది. చేతిలో ఆ డబ్బులు నిప్పుల్లా ఉన్నాయి. గేటు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఈల వినిపించింది. మాస్టారు నిద్ర లేచి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏయ్! ఆ నడక ఏమిటి? నేలలో ఏమైనా పారేసుకున్నావా? తల పైకి! భుజాలు వెనక్కి!"

కత్తెరమ్మ భుజాలు వెనక్కి పెట్టింది. తల మాత్రం ఎత్తలేకపోయింది.

*

శుక్రవారం కూతురూ అల్లుడూ సాయంత్రం చాలా ఆలస్యంగా వచ్చారు. సంతకాలయ్యాయి. మొదట అడిగిన ధరకే.

"మన అవసరమంతా అద్దంలో చూసినట్టు చెప్పారమ్మా," అంది కూతురు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తారీకుతో సహా! మీకు కాకపోతే ఇంకొకరికి అమ్ముకుంటాం, మీకే ఈ ఇల్లు తప్ప గతిలేదు, అన్నట్టు కూర్చున్నారు. ఇక కారు అమ్మేసుకోవాల్సిందే. వంటిల్లు అలాగే ఉంచుకోవాల్సిందే."

"ఎవరో ఉప్పందించారు," అన్నాడు అల్లుడు పళ్ళు కొరుకుతూ. "ఎవరో ఏమిటి, ఆ ఏజెంటే. వాడికి తప్ప మన అడ్మిషను సంగతి ఎవరికి తెలుసు? రేపు వాళ్ళ ఆఫీసుకెళ్ళి వాడి ఉద్యోగం పీకించకపోతే చూడు."

ఏజెంటు ఎలా ఉంటాడో కత్తెరమ్మకు తెలుసు, కాగితాలతో ఒకసారి ఇంటికొచ్చాడు. చెప్పులకు రెండు చోట్ల కుట్లు పడ్డ, ఫోను మోగితే ఉలిక్కిపడే మనిషి. ఆమె లేచి బీరువా మీదున్న నోటుపుస్తకం తీసింది. నోటితో చెబుదామని ప్రయత్నించింది. రాలేదు. కొత్త పేజీ తెరిచి, నిలబడే రాసింది. పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా వచ్చాయి. పుస్తకం తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"ఏజెంటు చెప్పలేదు. నేనే వెళ్ళి చెప్పాను."

కూతురు చదివింది. మళ్ళీ చదివింది. అల్లుడు వంగి చూసి, పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. ఆయన అలా వెళ్ళడం తిట్టినదానికంటే ఎక్కువైంది.

"ఎందుకమ్మా?" అంది కూతురు. గొంతులో కోపంకంటే నివ్వెరపాటే ఎక్కువ. "మేమేం చేశాం నీకు?"

"మీరేం చెయ్యలేదమ్మా. ఆ నాలుగో గీతలో ఉన్నది అబద్ధం. నా అబద్ధం మీద మీరు బేరం చేశారు. ఆయన్నొకచోటా ఆవిడనొకచోటా పడేస్తున్నారు దానివల్ల."

"అది నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. సగం చెప్పాను. గట్టిగా చెప్పడానికి ముఖం చెల్లలేదు. నన్ను నమ్మి ఆవిడ చెబితే నీకిచ్చాను. నన్ను నమ్మి నువ్వు చెబితే ఆవిడకిచ్చాను. ఇద్దర్లో ఎవరి దగ్గరా నేను తలెత్తుకోలేను."

కూతురు పుస్తకం మూసింది. దాన్ని తల్లికి తిరిగివ్వలేదు, తనూ ఉంచుకోలేదు. బల్ల మీద ఇద్దరికీ మధ్యలో వదిలేసి లేచింది.

తర్వాత చాలా రోజులు ఇంట్లో మాటలన్నీ మనవరాలి మీదుగా నడిచాయి. ఆ పిల్ల పేరే పిడుగు. "అమ్మమ్మా, అమ్మ టీ తాగమంటోంది." "అమ్మా, అమ్మమ్మ తాగానంటోంది." మూడో రోజుకు పిడుగుకు విసుగొచ్చింది. "నాకు జీతమిస్తేనే మోస్తాను మీ మాటలు," అంది. ఎవరూ నవ్వలేదు.

*

కొత్త ఇంట్లోకి మారారు. కుళాయి అలాగే ఉంది, గోడ చెమ్మ అలాగే ఉంది. సామాను సర్దుతూ ఒకరోజు కూతురు, ఎటో చూస్తూ, "నీ కళ్ళద్దాలు ఆ అరలో పెట్టాను," అంది. నేరుగా అన్న మొదటి మాట అది. కత్తెరమ్మ ఆ అర దగ్గరికెళ్ళి కళ్ళద్దాలు తీసుకుని, అవసరం లేకపోయినా పెట్టుకుంది.

పిడుగు బడికి వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం తీసుకురావడానికి ఆమే వెళ్ళింది. గేటుకు కాస్త దూరంగా, స్తంభం పక్కన నిలబడింది. గంట కొట్టారు. పిల్లలు గోలగా బయటికొచ్చి, గేటు దాటగానే ముందువాళ్ళ భుజం మీద చెయ్యి పెట్టి వరసగా నిలబడిపోయారు. ఎవరూ ఈల ఊదలేదు. కాసేపు చూసి ఆయానే, "సరే, డిస్మిస్," అంది.

పిడుగు పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, ఇక్కడ అందరూ ఊరికే లైన్లో నిలబడతారు! ఎందుకని అడిగితే చేతి దూరం చేతి దూరం అంటారు. నన్నూ నిలబెట్టారు."

ఆయా కత్తెరమ్మను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. "మీరేనా ఆ ఇంట్లోకొచ్చింది? నిన్ననే టీచరుగారు ఫోన్ చేశారు. ఇద్దరికీ కలిపి గది ఇచ్చారట. మాస్టారు అక్కడ కూడా ముసలాళ్ళందర్నీ మధ్యాహ్నం లైన్లో నిలబెడుతున్నారట! ఒకరోజు తప్పిపోతే ఎవరో కాలరు వెనక నంబరు చూసి ఫోన్ చేశారట, గంటలో దొరికారట." నవ్వి, చేతివేళ్ళు మడిచింది. "అందర్నీ అడిగారు. పక్కింటాయన్ని, పాలవాణ్ణి, ఆ రెండు జడల దాన్ని. నిమ్మచెట్టుకు నీళ్ళు పోస్తున్నారా అని కూడా అడిగారు."

ఆయా ఇంకెవరి పేరైనా చెబుతుందేమోనని కత్తెరమ్మ చూసింది. ఆయా వేళ్ళు అక్కడితో అయిపోయాయి.

"పోస్తున్నామని చెప్పండి," అంది.

పిడుగు సంచీని తన భుజాన వేసుకుని కత్తెరమ్మ నడిచింది. ఇంటికెళ్ళగానే బకెట్టు నింపి, గట్టి కుళాయిని రెండు చేతులతో కట్టేసి, వెనక వరండాలోకి వెళ్ళింది. చెట్టుకు పొద్దున్నే కూతురు నీళ్ళు పోసినట్టుంది, పాదు తడిగానే ఉంది. అయినా పోసింది.